'జంగ్ ఔర్ అమన్' దూరదర్శన్‌లో వేయండి, తప్పొప్పులు మేం మాట్లాడుకుంటాం

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు ఉంటాను. మా ఇంటికి కాస్త దూరంలోనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. జార్ఖండ్‌లోని జాదూగూడ గనుల్లో తవ్విన యురేనియం చేరేది ఇక్కడికే. అయినా మా కాలనీలో ఆ ఊరి పేరు ఎవరి నోటా వినలేదు. భారత్, పాకిస్తాన్ అణుబాంబుల మీద ఆనంద్ పట్వర్ధన్ తీసిన డాక్యుమెంటరీ 'జంగ్ ఔర్ అమన్' (యుద్ధం, శాంతి)లో అక్కడి ఆదివాసీ కుటుంబాలను, వాళ్ళ పిల్లలను చూశాకే అది నా మనసులో పడింది. చూస్తున్నంతసేపూ మన కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గనీ, అక్కడ బోరు నీళ్ళ గురించి రైతులు పడుతున్న బాధా, 2019లో నల్లమలలో యురేనియం వద్దని చెంచులు చేసిన ఆందోళనా గుర్తుకొస్తూనే ఉన్నాయి.

1998 మే 11న, బుద్ధ పూర్ణిమ నాడు, పోఖ్రాన్‌లో మనం అణుపరీక్ష చేశాం. అదే నెల 28న పాకిస్తాన్ చాగై కొండల్లో చేసింది. ఏడాది తిరిగేసరికి కార్గిల్. ఆ రోజుల్లో పట్వర్ధన్ కెమెరా పట్టుకుని ఇండియా, పాకిస్తాన్, జపాన్, అమెరికా తిరిగి ఈ సినిమా తీశారు.

పోయిన నెల మా బాబాయితో కలిసి మళ్ళీ చూశాను. ఆయన ఆర్మీలో చాలా ఏళ్ళు చేసి వచ్చారు. అరగంట కాకముందే టీ గ్లాసు కింద పెట్టి, "బాంబు కావాలన్న వాళ్ళందరూ ఈయనకు తిక్కవాళ్ళలా కనిపిస్తున్నారా?" అన్నారు. ఆయన కోపం నాకు న్యాయంగానే అనిపించింది. ఈ సినిమాలో పెద్ద లోపం అదే. 1962 యుద్ధం, 1964లో చైనా అణుపరీక్ష, వీటి తర్వాత మన దేశానికి పట్టుకున్న భయాన్ని ఇందులో తూకం వేసి చూడలేదు. బాంబు ఉన్నా కార్గిల్ వచ్చింది కదా అనే వాదన బాగానే వినిపిస్తుంది. బాంబు ఉండబట్టే ఆ యుద్ధం కార్గిల్ దాటి పోలేదనే వాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో బాగా చదువుకున్న, నెమ్మదిగా మాట్లాడగలిగిన ఒక్కరినైనా కూర్చోబెట్టి పూర్తిగా మాట్లాడించాల్సింది. పైగా దర్శకుడి గొంతు అడుగడుగునా ఏమనుకోవాలో చెబుతూ ఉంటుంది, అమెరికా భాగం వచ్చేసరికి ఇంకో సినిమా మొదలైనట్టు ఉంటుంది.

కానీ అదే బాబాయి లాహోర్ ఆడపిల్లల డిబేట్ దగ్గర కదలకుండా కూర్చున్నారు. వేదిక మీద అణుబాంబు కావాలని ఆవేశంగా మాట్లాడిన పిల్లలే, తర్వాత మామూలుగా కూర్చోబెట్టి అడిగితే మనసులో మాట వేరే చెబుతారు. చప్పట్లు ఎటు పడతాయో చిన్నప్పుడే తెలిసిపోతుంది, అక్కడైనా ఇక్కడైనా. మా స్కూల్లో వక్తృత్వ పోటీకి నేనూ అలాగే బట్టీ పట్టి మాట్లాడాను, ప్రైజూ వచ్చింది. ఆ పిల్లల మొహాలు చూశాక బాబాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత రాత్రి ఒంటిగంట దాకా ఇద్దరం వాదించుకున్నాం. పిన్ని లేచి వచ్చి లైటు ఆపేదాకా.

మంత్రి గారూ, 2002లో సెన్సార్ బోర్డు ఈ సినిమాకు మొదట ఆరు కట్లు చెప్పింది. సినిమాను మళ్ళీ చూసే బోర్డు వారి రివైజింగ్ కమిటీకి వెళితే అవి ఇరవై ఒకటి అయ్యాయి. ప్రధానితో సహా రాజకీయ నాయకుల దృశ్యాలూ, మాటలూ తీసేయమన్నారు. వాళ్ళు బహిరంగ సభల్లో, అందరి ముందు అన్న మాటలవి! చివరికి 2003లో బాంబే హైకోర్టు కట్లు లేకుండా విడుదల చేయమంది. నేను పైన చెప్పిన లోపాల్లో ఒక్కటి కూడా ఆ కట్ల వల్ల తీరేది కాదు. చైనా సంగతి లేదని బాధపడేవాడికి ప్రధాని ఉపన్యాసం కత్తిరిస్తే ఏం ఒరుగుతుంది?

ఆ రోజుల్లో దర్శకుడికి బోర్డుకూ కోర్టుకూ మధ్యలో, బోర్డు నిర్ణయం మీద మొర పెట్టుకోవడానికి అప్పీల్ ట్రిబ్యునల్ ఒకటి ఉండేది. 2021లో దాన్నీ రద్దు చేశారు. ఇప్పుడు బోర్డు కాదంటే నేరుగా హైకోర్టు మెట్లెక్కాల్సిందే. అప్పు చేసి డాక్యుమెంటరీ తీసే కుర్రాడు లాయర్ ఫీజు ఎక్కణ్ణుంచి తెస్తాడు? గొడవెందుకని యుద్ధం, సైన్యం, సరిహద్దు అన్న మాటలు వచ్చే కథ జోలికే పోడు.

అందుకే రెండు విన్నపాలు. ఆ ట్రిబ్యునల్‌ను తిరిగి పెట్టండి, అందులో డాక్యుమెంటరీలు తీసేవాళ్ళకూ చోటివ్వండి. రెండోది, 'జంగ్ ఔర్ అమన్'ను దూరదర్శన్ యాదగిరిలో, సప్తగిరిలో తెలుగు సబ్‌టైటిల్స్‌తో పూర్తిగా వేయండి, అర్ధరాత్రి కాకుండా జనం మెలకువగా ఉండే టైంలో. సినిమా అయ్యాక ఒక గంట చర్చ పెట్టి ఒక మాజీ సైనికుణ్ణి, ఒక అణు శాస్త్రవేత్తను, తుమ్మలపల్లె నుంచి ఒక రైతును కూర్చోబెట్టండి. మా బాబాయి ఫోన్ చేసి మాట్లాడడానికి ఇప్పుడే సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఈసీఐఎల్ ప్రాంతపు ప్రేక్షకుడు, హైదరాబాద్