ఏజెన్సీకి రోడ్డుతో పాటు రక్తమూ చేరాలి

సంపాదకుల వారికి,

వానాకాలం మొదలైందంటే పత్రికల్లో డోలీ ఫొటో ఒకటి తప్పదు. గర్భిణిని కర్రకు కట్టిన దుప్పట్లో మోసుకొస్తున్న బంధువులు, పొంగిన గెడ్డ, రోడ్డుకు ప్రతిపాదనలు పంపామన్న అధికారి మాట. రోడ్డు కావాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఆమె డోలీ దిగి, 108 ఎక్కి, సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) గడప తొక్కాక ఏం జరుగుతుందన్నది వార్తల్లో అరుదుగా వస్తుంది. అక్కడ రక్తం లేకపోతే జరిగేది ఒక్కటే. చీటీ రాసి విశాఖ పంపేస్తారు.

లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 అని 2018-20 నమూనా నమోదు సర్వే తేల్చింది. కేరళలో 19, అస్సాంలో 195. ఒకే దేశంలో పది రెట్ల తేడా. ఆంధ్రప్రదేశ్ 45, తెలంగాణ 43 దగ్గర నిలిచాయి కాబట్టి మనవాళ్లు సంతోషించారు. ఆ సర్వే లెక్క రాష్ట్రం దగ్గరే ఆగిపోతుంది, జిల్లా వరకు రాదు. మైదానంలోని భీమవరం, ఏజెన్సీలోని ముంచింగిపుట్టు రెండూ ఆ 45లోనే కలిసిపోయాయి. రాష్ట్రాల మధ్య తేడా కనిపించినంత తేలిగ్గా రాష్ట్రంలోపలి తేడా కనిపించదు.

కాన్పయ్యాక అర లీటరు దాటి రక్తం పోతే ప్రమాదం కిందే లెక్క. ఆగని రక్తస్రావం వైద్యం అందకపోతే రెండు గంటల్లోనే ప్రాణం తీయగలదు. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే, అందులో ఘాట్ రోడ్డు. పెదబయలు, జి.మాడుగుల లోపలి గూడేల నుంచి పాడేరు చేరడానికే సగం పూట పడుతుంది. దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. హిమోగ్లోబిన్ 12 ఉన్న తల్లి అర లీటరు పోయినా తట్టుకుంటుందేమో గానీ 7తో కాన్పుకొచ్చిన తల్లి తట్టుకోలేదు. ఒక రక్తం ప్యాకెట్ ఎక్కిస్తే హిమోగ్లోబిన్ పెరిగేది సుమారు ఒక గ్రామే. కాబట్టి ఒక్క ప్యాకెట్ దొరికినా చాలదు.

ప్రతి సీహెచ్‌సీలో బ్లడ్ బ్యాంకు పెట్టమని ఎవరూ అడగడం లేదు. రక్త నిల్వ కేంద్రం చాలు. రక్తం సేకరించడం, హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటి పరీక్షలు చేయడం దానికి రక్తం పంపే పెద్ద బ్లడ్ బ్యాంకు పని. నిల్వ కేంద్రం చేసేది తెచ్చి దాచడం, గ్రూపు చూసి, రోగి రక్తంతో సరిపడుతుందో లేదో పరీక్షించి (క్రాస్ మ్యాచ్) ఇవ్వడం. ఏటా 2,000 యూనిట్లకు (ప్యాకెట్లకు) మించి వాడని ఆస్పత్రికి పూర్తి లైసెన్సు అక్కర్లేదు, రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ అనుమతి సరిపోతుంది. పది చదరపు మీటర్ల ఏసీ గది, 50 ప్యాకెట్లు పట్టే బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్, ఐస్ ప్యాకులకు డీప్ ఫ్రీజర్, మోసుకురావడానికి పెట్టెలు, సెంట్రిఫ్యూజ్, మైక్రోస్కోపు, జనరేటర్, శిక్షణ పొందిన ఒక డాక్టరు, ఒక టెక్నీషియన్. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం ఉంచాల్సిన నిల్వ కూడా కొద్దే: ఎ, బి, ఒ పాజిటివ్ ఐదేసి, ఎబి పాజిటివ్ రెండు, ఎ, బి, ఒ నెగటివ్ ఒక్కొక్కటి. మొత్తం ఇరవై ప్యాకెట్లు.

ఇంత చిన్న ఏర్పాటు కూడా ఎందుకు మూలపడుతుంది? మొదటిది, అనుమతి రెండేళ్లకే. గడువుకు ముందే రెన్యువల్‌కు పెట్టాలి. సూపరింటెండెంట్ బదిలీ అయితే ఆ ఫైలు కూడా ఆగుతుంది. రెండోది మనిషి. ఒకే టెక్నీషియన్ ఉంటే పగలే పని, కాన్పులేమో రాత్రిళ్లూ అవుతాయి. మూడు షిఫ్టులు, సెలవులు లెక్కేస్తే నలుగురు కావాలి. ఫ్రిజ్ కొనడానికి నిధులిచ్చి ఈ నలుగురి గురించి మాట్లాడకపోతే గదికి తాళం పడుతుంది, అంతే.

మూడోది చలి. రక్తం 2 నుంచి 6 డిగ్రీల మధ్యే ఉండాలి. మందుల ఫ్రిజ్‌లో పెడతామంటే కుదరదు, ఫ్రీజర్ గోడకు ఆనిన ప్యాకెట్ మంచులా గడ్డకడుతుంది. పెట్టెలో ఐస్ ప్యాకు నేరుగా తగిలినా అంతే. గడ్డకట్టి కరిగిన రక్తంలో ఎర్రకణాలు పగిలిపోతాయి. ప్యాకెట్‌ను కాసేపు కదపకుండా ఉంచితే పైన తేరే ప్లాస్మా గడ్డి రంగులో ఉండాలి. గులాబీగానో ఎర్రగానో కనిపిస్తే అది ఎక్కించకూడదు, కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకే ఉష్ణోగ్రత గ్రాఫు గీసే ఫ్రిజ్, కరెంటు పోగానే మోగే అలారం, డీజిల్ ఉన్న జనరేటర్ కావాలంటారు. డీజిల్ బిల్లు పాస్ కాక ఆగిన జనరేటర్ ఉన్నా లేనట్టే.

నాలుగోది అన్నిటికంటే చికాకైనది. మామూలు ప్యాకెట్ ఆయుష్షు 35 రోజులు. చిన్న కేంద్రంలో వాడకం తక్కువ, పాతబడితే పారేయాలి. వృథా అయితే ఆడిట్‌లో సమాధానం చెప్పాలని పైనుంచి పంపరు, కిందనుంచి అడగరు. దీనికి మందు మార్గదర్శకాల్లోనే ఉంది: గడువుకు పది రోజుల ముందే వెనక్కి పంపి, కొత్తవి తెచ్చుకోవాలి. పెద్దాస్పత్రిలో అవి ఒకట్రెండు రోజుల్లో వాడకమైపోతాయి. వారానికో రోజు ఖాయంగా తిరిగే ఒక బండి ఉంటే చాలు. డ్రోన్లు ఎగరేయడం బాగానే ఉంటుంది, 2021లో వికారాబాద్‌లో మందులు అలా పంపి చూశారు కూడా. దిగిన చోట ఫ్రిజ్ లేకపోతే డ్రోన్ ఏం చేస్తుంది?

'ఒక ప్యాకెట్ ఇస్తాం, మీవాళ్లు ఒకరు రక్తం ఇవ్వండి' అనే అలవాటును ఏజెన్సీలో పూర్తిగా మానేయాలి. దాతకు హిమోగ్లోబిన్ 12.5, బరువు 45 కిలోలైనా ఉండాలి. గర్భిణి వెంట కొండ దిగి వచ్చిన ఇద్దరు ముగ్గురిలో అంత ఉన్నవాళ్లు ఎందరు? స్వచ్ఛంద దానంతోనే నడవాలని 2002 జాతీయ రక్త విధానం చెబుతోంది. మైదానంలోని కాలేజీల శిబిరాల్లో వచ్చే రక్తంలో కొంత వాటాను ముందే కొండకు కేటాయించాలి.

రక్తం అవసరాన్ని తగ్గించే పని ఎనిమిదో నెలకు ముందే మొదలవ్వాలి. రక్తహీనతకిచ్చే ఐరన్ ఇంజెక్షన్ ఐరన్ సుక్రోజ్‌ను 200 మిల్లీగ్రాముల చొప్పున ఐదుసార్లు రమ్మంటే కొండ దిగి ఎవరొస్తారు? మరో ఐరన్ ఇంజెక్షన్ ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్‌నైతే 1,000 మిల్లీగ్రాములు పావుగంటలో ఒకేసారి ఎక్కించొచ్చు. ధర ఎక్కువే, కానీ దాన్ని ముందు ఇవ్వాల్సింది దూరపు గూడేలకు. రక్తస్రావాన్ని తగ్గించే మందు ట్రానెగ్జామిక్ ఆమ్లం ఒక గ్రాము, కాన్పయిన మూడు గంటల్లోపు నరానికి ఇస్తే రక్తస్రావ మరణాలు తగ్గుతాయి. ఇది ప్రతి పీహెచ్‌సీ కాన్పు గదిలో, 108లో ఉండాలి. ఏఎన్ఎం దగ్గరి జాబితాలో ప్రతి గర్భిణి పేరు పక్కన హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు ఉండాలి. నెగటివ్ గ్రూపువాళ్లను, 8 గ్రాముల లోపు ఉన్నవాళ్లను కాన్పు తేదీకి రెండు వారాల ముందే రక్తం ఉన్న ఆస్పత్రి పక్క వసతి గృహానికి చేర్చాలి.

ఇంకో మాట. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వీఆర్ పురం, ఎటపాక మండలాలకు దగ్గరి పెద్దాస్పత్రి తెలంగాణలోని భద్రాచలమే. రాష్ట్రం మారింది గానీ గోదావరి, రోడ్డు మారలేదు. చింతూరు నిల్వకు భద్రాచలం నుంచి రక్తం వచ్చేలా రెండు ప్రభుత్వాలు రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. ప్రతి సీహెచ్‌సీ గేటు దగ్గర ఆ రోజు ఏ గ్రూపు ఎన్ని ప్యాకెట్లు ఉన్నాయో, రాత్రి డ్యూటీలో టెక్నీషియన్ ఎవరో బోర్డు మీద రాయాలి. ఈసారి డోలీ ఫొటో వేసినప్పుడు ఆ బోర్డు ఫొటో కూడా పక్కన వేయమని మీ విలేకరులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, నర్సీపట్నం