వంటగది అరుగు మీద నా థీసిస్ విన్న అక్కకు

నిన్న మధ్యాహ్నం వైవా అయిపోయింది. ఏడేళ్ల పీహెచ్‌డీ. రాత్రంతా నిద్ర లేదు, కళ్లు మండుతున్నాయి. అయినా ఇప్పుడే రాయాలి, రేపటికి తేరుకుంటే మర్యాదగా రాసేస్తానని భయం.

అమ్మానాన్నలకు, మా ఆయనకు, బాబును చూసుకున్న అత్తయ్యకు కృతజ్ఞతలు వేరే చెప్పేదేముంది. వాళ్లకు తెలుసు.

చెప్పాల్సింది దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండే అక్క గురించి. పేరు రాయవద్దంది.

నా పని సహకార అభ్యసనం, అంటే పిల్లలు జట్లుగా ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం. ఇలియట్ ఆరన్సన్ 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టిన జిగ్సా పద్ధతిని ఎనిమిదో తరగతిలో చేసి చూశాను. పాఠాన్ని ఐదు ముక్కలు చేసి, జట్టులో తలా ఒకటి ఇస్తాం. ఒకే ముక్క వచ్చినవాళ్లంతా విడిగా కూర్చుని నేర్చుకుంటారు, తిరిగి వచ్చి తమ జట్టుకు చెబుతారు. ఒక్కరు నోరు విప్పకపోయినా మిగతా నలుగురికి పాఠం పూర్తి కాదు. తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లలు కొత్తగా ఒకే బడిలోకి వచ్చి కొట్టుకుంటున్న రోజుల్లో పుట్టిన ఉపాయమది. మా తరగతిలో తండా పిల్లలు, ఊరి పిల్లలు కొట్టుకోరు. మాట్లాడుకోరు కూడా.

మొదటిరోజు బెంచీలు ఎదురెదురుగా తిప్పుతూ అవస్థ పడుతుంటే, బియ్యం కడుగుతున్న తడి చేతులతోనే వచ్చి రెండో కొస పట్టుకుంది అక్క. అదే పరిచయం.

జట్టుకొక ఫోను పెట్టి మాటలు రికార్డు చేసేదాన్ని. ఒక అమ్మాయి తెలుగులో రెండు మాటలు చెప్పి ఆగిపోయేది, తర్వాత పక్కపిల్లతో లంబాడీలో గుసగుసలు. ఆ నిమిషాలన్నిటి ఎదురుగా ‘పాఠానికి సంబంధం లేని మాటలు’ అని రాసుకున్నాను. సిగ్గుగా ఉంది.

ఒకరోజు వంటగది అరుగు మీద అదే వింటుంటే, గిన్నెలు తోముతున్న అక్క నవ్వింది. ఎందుకని అడిగాను.

“వాన పడ్డాక తండా దారిలో చెప్పులు జారతాయి, ఒట్టికాళ్లు జారవు, వేళ్లు మట్టిని పట్టుకుంటాయి కదా, పుస్తకంలో ఘర్షణ అంటే అదేనంటోంది మేడం.”

ఆ రోజు పాఠం ఘర్షణే. తమంతట అందుకోలేనిది తోటివాళ్ల ఊతంతో పిల్లలు అందుకుంటారన్న మనోవిజ్ఞాని వైగాట్‌స్కీ మీద ఎమ్మెడ్‌లో పేజీలకు పేజీలు రాసినదాన్ని. అది నా చెవిలోనే జరుగుతుంటే పనికిరాదని కొట్టేశాను.

ఆ తర్వాత ఇరవై రెండు మధ్యాహ్నాలు, గిన్నెలు బోర్లించాక, ఒక ఇయర్‌ఫోను తన చెవిలో, ఒకటి నా చెవిలో. మాట సరిగా అందకపోతే వెనక్కి తిప్పమనేది, ఊహించి చెప్పేది కాదు. డబ్బు ఇవ్వబోతే “విన్నందుకు కూడా డబ్బులా?” అంది. నాలుగు నెలలుగా తనకు గౌరవ వేతనం రాలేదని, గుడ్లు అప్పు మీద తెస్తోందని మూడో వారంలో గానీ నాకు తెలియలేదు. నా ఫెలోషిప్పు ఆలస్యమని ఆమె ముందే ఎన్నిసార్లు విసుక్కున్నానో!

థీసిస్ కృతజ్ఞతల పేజీకి ఒక వరుస ఉంటుందట. నేను ఏనాడూ ముఖం చూడని పెద్దలు పైన. “వంటావిడ ఎందుకు, పాఠశాల సిబ్బందికి అని రాయండి” అన్నారు యూనివర్సిటీలో. అలాగే రాశాను. సంతకాల కోసం ఐదు గదులు తిరిగి ఉన్నాను, ఎదురు చెప్పే ఓపిక లేదు.

నిన్న పరీక్షకులు నాలుగో అధ్యాయం తెరిచి, ఈ లంబాడీ మాటలకు తెలుగు ఎవరు చెప్పారని అడిగారు. నోరు తెరిచాను, ఏడుపొచ్చింది. ఎవరో మంచినీళ్లు అందించారు.

సాయంత్రం అక్కకు ఫోను చేశాను. “ఆ పిల్ల మాట పుస్తకంలో వేశారా?” అని అడిగింది. వేశాను అక్కా, చెప్పులతో సహా.

అయ్యో, మరిచాను. రాత్రి రెండింటి దాకా షట్టరు సగం దించి బైండింగ్ చేసిన అన్నకు, పట్టికలు సరిచేసిన హాస్టల్ చెల్లెళ్లకు, బెంచీలు తిప్పనిచ్చిన హెడ్‌మాస్టరు గారికి కూడా. బస్టాండు దగ్గర ఇయర్‌ఫోన్లు అరువిచ్చిన తమ్ముడూ, నూట యాభై బాకీ గుర్తుంది.