ఒక్క ఎఫ్ షార్ప్ కోసం పియానో అంతా రీసెట్ చేసినందుకు ఫిర్యాదు

పెరంబూర్, చెన్నై.

సర్వీస్ మేనేజర్ గారికి,

పద్నాలుగు నెలల కిందట మీ దగ్గర కొన్న 88 కీల డిజిటల్ పియానోలో మధ్య సి పైనున్న ఎఫ్ షార్ప్ అనే నల్ల కీ ఒక్కటే కేక పెడుతోంది. ఎంత మెత్తగా నొక్కినా అంతే. మా అమ్మాయి జోలపాట వాయిస్తుంటే మధ్యలో ఎవరో గిన్నె పడేసినట్టుంటుంది.

మొన్న శనివారం వచ్చిన మీ టెక్నీషియన్ ముందు టచ్‌ను, అంటే ఎంత గట్టిగా నొక్కితే ఎంత చప్పుడు రావాలో చెప్పే సెట్టింగును, ‘హెవీ’కి మార్చారు. మిగతా 87 కీల గొంతు పడిపోయింది గానీ ఇది తగ్గలేదు. తర్వాత ఆ ఒక్క కీ వాల్యూమ్ తగ్గించారు. చప్పుడు తగ్గింది, గట్టిగా కొట్టినప్పుడు వచ్చే గరుకుదనం మాత్రం పోలేదు. పక్కింట్లోంచి అరిచినట్టుంది. చివరికి నన్ను అడక్కుండా ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశారు. మా మామయ్యగారి పాత హార్మోనియంతో శ్రుతి కలవాలని 440 నుంచి 443 హెర్ట్జ్‌కి జరుపుకున్నది, సగం తొక్కితే పెడల్ ఎక్కడ పట్టాలో చూసి పెట్టుకున్నది, రెండు వారాలు రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్‌తో కూర్చుని చేసుకున్నదంతా పోయింది. పైగా ‘ప్రాక్టీస్ చేస్తే చేయి అలవాటు పడుతుంది మేడమ్’ అని సలహా!

తప్పు చేతిదో కీదో నేనే చూశాను. దీని మీదా, పక్క నల్ల కీ జి షార్ప్ మీదా పదిరూపాయల బిళ్లలు పేర్చాను. రెండూ ఏడో బిళ్లకే దిగాయి, అంటే సుమారు 54 గ్రాములు. బరువులో తేడా లేదన్నమాట. తర్వాత లాప్‌టాప్‌కి కలిపి మిడి వెలాసిటీ, అంటే కీని ఎంత గట్టిగా కొట్టామని పియానో అనుకుంటుందో చెప్పే అంకె, చూశాను. అది 1 నుంచి 127 వరకు ఉంటుంది. మెత్తగా నొక్కితే జి షార్ప్‌కి 35, 38, 41 వచ్చాయి. ఎఫ్ షార్ప్‌కి 119, 127, 127.

కీ కింద రబ్బరు పట్టీలో కాంటాక్టులు ఒకదాని వెనక ఒకటి తగులుతాయి. ఆ మధ్య వ్యవధి ఎంత తక్కువైతే అంత గట్టిగా కొట్టామని పియానో లెక్క. మొదటిది దుమ్ముపట్టి ఆలస్యంగా తగిలితే మెత్తటి వేలు కూడా సుత్తిదెబ్బే అవుతుంది. పట్టీ విప్పి తుడవాలి, లేదా మార్చాలి. మెనూలో దీనికి మందు లేదు.

వారంటీ రెండేళ్లు. కాబట్టి విజిట్ పేరుతో తీసుకున్న 750 రూపాయలు వెనక్కివ్వండి. కొత్త పట్టీతో మనిషిని పంపండి, రీసెట్ చేసేముందు సెట్టింగులు పెన్‌డ్రైవ్‌లో దాచమని చెప్పండి. శనివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను. స్క్రూడ్రైవర్ తెచ్చుకోమనండి, మొన్న మాదే అడిగారు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు