కట్ట మీద నడిచొచ్చాక

బొబ్బిలి,
ఆదివారం రాత్రి

ఒరే రమణా,

ఎలాగున్నావురా? ఫోన్లో చెబుదామంటే మాట పూర్తవకుండానే అడ్డం పడిపోతావు, అందుకే కాగితం పట్టుకున్నాను. మన రిజర్వాయరుని అధిక ప్రమాద జాబితాలో వేశారని, అమ్మని వెంటనే హైదరాబాదు తెచ్చేసుకుంటానని కంగారు పడిపోయావు కదా, కాస్త ఆగు. ఇవాళ పొద్దున్నే గేట్లూ కాలవలూ చూసుకునే లస్కరు మావయ్యని వెంటబెట్టుకుని కట్ట ఈ కొసనుంచి ఆ కొసకి నడిచొచ్చాను. మోకాళ్లు ఇంకా లాగుతున్నాయి.

ముందు ఆ జాబితా సంగతి. ఆ ప్రమాద స్థాయి కట్ట ఆరోగ్యం చూసి ఇచ్చేది కాదురా. ఒకవేళ తెగితే కింద ఎంతమంది, ఎన్ని ఇళ్లు, ఎంత పొలం పోతాయన్న లెక్క. నిన్నగాక మొన్న కట్టిన డ్యామయినా కింద ఊరుంటే అందులోకే వెళ్తుంది. మన కట్ట వేసిన రోజుల్లో కింద జీడితోటలే. ఇప్పుడు మీ వీధితో కలిపి రెండు కాలనీలు లేచాయి.

ఆరోగ్యానికి వేరే వరస ఉంది. వానలకి ముందొకసారి, వెనకొకసారి తనిఖీ చేసి, లోపాల్ని బట్టి మూడు కేటగిరీల్లో ఒకదాంట్లో వేస్తారు. మూడోదంటే చిన్నాచితకా మరమ్మతులు. రెండోదంటే పెద్ద లోపాలు, వెంటనే చూడాలి. ఒకటోదంటే కట్టే తెగొచ్చని. బళ్లో ఫస్టుక్లాసు రాలేదని దెబ్బలు తిన్నాం గానీ, ఇక్కడ అది రాకూడదని మొక్కుకోవాలి.

నాకు గుండె జారింది రెండు చోట్ల. తూము పక్కన వెనకవాలు మీద, అంటే నీళ్లు లేని వైపు, తుమ్మచెట్లు బలిసిపోయాయి. గడ్డయితే మంచిదే, మట్టిని పట్టి ఉంచుతుంది. చెట్టు చచ్చాక వేళ్లు కుళ్లి లోపల బొరియలు మిగులుతాయి, నీరు ఆ దారే పడుతుంది. రెండోది, కట్ట అడుగున ఊట. మావయ్య జేబులోంచి టీగ్లాసు తీసి, ముంచి, ఎండకెత్తి పట్టాడు. తేటగా ఉంది, అడుగున ఒక్క ఇసకరేణువు లేదు. "మట్టికట్టన్నాక ఊరతాది బాబూ. మడ్డొచ్చిన్నాడు మాత్రం నాను ఇంటికెల్లను" అన్నాడు. మడ్డిగా వచ్చిందంటే నీటితోపాటు కట్ట లోపలి మట్టీ కొట్టుకొస్తున్నట్టు. తర్వాత ఆ గ్లాసులోనే నాకు టీ పోశాడు, తాగాను.

మట్టికట్టకి ఇంకో గండం పైనుంచి పొర్లే నీరు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు అలాగే పోయింది, వరద మీదెక్కి మట్టికట్టని కోసేసింది. దానికి రెండు నెలల ముందే కదా మనకి గులాబ్ తుఫాను! ఆ రాత్రి కరెంటు పోతే నలుగురు వంతులేసుకుని మన గేట్లు చేత్తో తిప్పి ఎత్తారట. జనరేటరు ఇస్తామన్నవాళ్లు ఇప్పటికీ ఇవ్వలేదు. నీ కోపమేదో దాని మీద చూపించరా. చెట్లు, జనరేటరు రెండూ రాసి అర్జీ తయారుచేస్తున్నాను. నువ్వూ సంతకం పెట్టాలి, నీ మడులూ ఆ ఆయకట్టులోవే.

వస్తూ వస్తూ మీ ఇంటికెళ్లి అమ్మకి ఇదంతా చెప్పాను. చేట పక్కన పెట్టి సాంతం విని, "తెగిపోడానికి దాన్లో నీలేవిరా? కాలవలో సుక్క లేక నారెండిపోతంది" అని, చేతిలో రెండు నువ్వులుండలు పెట్టి పంపేసింది.

నీ
సత్యం