కొత్త కాలయంత్రం పాత కథను చెరిపివేయరాదు: సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

విజయవాడ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

భారీ వ్యయంతో తీసిన చిత్రాలకు విడుదల సమయంలో టికెట్ ధర పెంచుకోవడానికీ, అదనపు ఆటలు వేసుకోవడానికీ నిర్మాతలు ప్రభుత్వాన్ని అనుమతి కోరడం, వెలగపూడి సచివాలయం నుంచి ఉత్తర్వులు వెలువడడం కొన్నేళ్ళుగా ఆనవాయితీ అయింది. పాత సైన్స్ ఫిక్షన్ కథల పేరు పెట్టుకుని తిరిగి వచ్చే చిత్రాల విషయంలో ఆ ఉత్తర్వులకు ఒక చిన్న షరతు చేర్చవలసిందిగా కోరుతూ, విజయవాడ ప్రేక్షకుడిగా ఈ లేఖ రాస్తున్నాను.

సింగీతం శ్రీనివాసరావు గారి కాలయంత్రం కథ 'ఆదిత్య 369' 1991లో విడుదలై, మెరుగుపరచిన ప్రతితో 2025లో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. దానికి కొనసాగింపు తీస్తారన్న మాట ఏళ్ళ తరబడి వినిపిస్తూనే ఉంది. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' అయితే తన కథను పూర్తి చేయకుండా తరువాతి భాగానికి విడిచిపెట్టింది. తెలుగులోనూ ఇకమీదట ఒక సైన్స్ ఫిక్షన్ కథ ఒక దర్శకుడితో మొదలై, మరొకరి చేతికి వెళ్ళి, తరాలు దాటి సాగే రోజులు వస్తున్నాయి కాబట్టి, రీబూట్ చేసేటప్పుడు, అంటే పాత కథను కొత్తగా మళ్ళీ తీసేటప్పుడు, మూలకథలో జరిగినదాన్ని జరిగినట్టే ఉంచాలా, కొట్టివేసి మొదటి నుంచి చెప్పుకోవచ్చా అన్న ప్రశ్న మనకూ ఎదురవుతుంది. ఉంచాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ఉంచదలచుకోనివారు ఆ సంగతిని ప్రేక్షకుడు టికెట్ కొనకముందే చెప్పాలి.

ఈ పట్టుదల సైన్స్ ఫిక్షన్ విషయంలోనే ఎందుకంటే, మిగిలిన కథలకు లోకం ముందే ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో నడిచే కథను ఎవరు ఎన్నిసార్లు తిరగరాసినా యార్డు ఎక్కడికీ పోదు; చూసేవాడికి ఆ ఎండ, ఆ ఘాటు తెలుసు. కాలయంత్రం కథకు అటువంటి ఆధారం ఏదీ లేదు. 'ఆదిత్య 369'లోని యంత్రం 1526 నాటి విజయనగరానికి వెళ్ళిందనీ, అక్కడి నుంచి 2504కు చేరిందనీ, అప్పటికి యుద్ధం వల్ల నేలపైన బతకలేక మనుషులు భూగర్భంలో ఉంటున్నారనీ మనం నమ్మడానికి ఆ చిత్రం చెప్పిన మాట ఒక్కటే ప్రమాణం. రేపు అదే పేరుతో వచ్చే చిత్రం ఆ మాటను లెక్కచేయకపోతే, తాను చెప్పబోయే మాటను మాత్రం నమ్మమని ఏ మొహంతో అడుగుతుంది? మొదటిదాన్ని చెరిపిన చేయి రెండోదాన్నీ చెరుపుతుందని ప్రేక్షకుడు గ్రహించిన క్షణంలో, తెరమీద ఎవరు చచ్చినా ఎవరు బతికినా అతనికి పట్టదు.

ఇది విదేశాల నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచన కాదని తమకు మనవి చేయాలి. పదకొండో శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలిన మహాభారతాన్ని పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన భాగాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించాడు. ముగ్గురి శైలులూ వేరు, ముగ్గురి కాలాలూ వేరు. తిక్కన తన భాగాన్ని రాజుకు కాక హరిహరనాథుడికి అంకితమిచ్చే స్వాతంత్ర్యం తీసుకున్నాడు. ఎర్రన మాత్రం నన్నయ ధోరణిలో మొదలుపెట్టి, క్రమంగా తిక్కన ధోరణిలోకి నడిపించి, అతుకు కనిపించకుండా చేశాడు. పైగా తాను పూరించిన భాగాన్ని నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుడికే అంకితంగా ఉంచాడు. వచ్చినవారెవరూ ముందువారి కథను రద్దు చేసి తమది మొదలుపెట్టలేదు. కొత్తగా చెప్పే స్వేచ్ఛకూ, పాతదాన్ని నిలిపే బాధ్యతకూ వైరం లేదనడానికి మనకు ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

అయినా ఈ రంగంలో అనుభవం ఎక్కువ ఉన్న పాశ్చాత్యుల సంగతీ చూద్దాం. 1963లో బీబీసీలో మొదలైన కాలప్రయాణ ధారావాహిక 'డాక్టర్ హూ' 1989లో ఆగిపోయి, మధ్యలో 1996లో వచ్చిన ఒక్క టెలివిజన్ చిత్రాన్ని మినహాయిస్తే, 2005లో గానీ తిరిగి క్రమంగా రాలేదు. అన్నేళ్ళ బరువును కొత్త ప్రేక్షకుడు మోయలేడనే భయం ఉండడం సహజం. అయినా నిర్మాతలు పాత కథను కొట్టివేయలేదు. కొత్తవారికి కావలసినంత మాత్రమే చెబుతూ నడిపించి, మరుసటి సంవత్సరం 1970ల నాటి పాత్రను అదే నటితో తీసుకువచ్చారు. పాతవారు పొంగిపోయారు, కొత్తవారు అర్థం చేసుకున్నారు.

1966లో అమెరికా టెలివిజన్‌లో మొదలైన అంతరిక్ష కథ 'స్టార్ ట్రెక్' 2009 నాటి చిత్రంలో మరో మార్గం పట్టింది. భవిష్యత్తు నుంచి వచ్చిన ఒక ఓడ గతాన్ని మార్చడంతో వేరొక కాలరేఖ, అంటే సంఘటనలు మరోలా నడిచే ఇంకో చరిత్ర, చీలుతుంది. పాత ధారావాహికలోని ముఖ్యపాత్ర స్పాక్ స్వయంగా ఆ కొత్త కాలరేఖలోకి వస్తాడు. కొత్త నటులకు, కొత్త సంఘటనలకు తలుపులు పూర్తిగా తెరుచుకున్నాయి, 1966 నుంచి జరిగిన కథలో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాలేదు. కాలయంత్రమే కథావస్తువైన మన చిత్రానికి ఇంతకన్న అనువైన దారి ఉండదని నా నమ్మకం.

మూలకథను నిలపడం అంటే ప్రతి తేదీకీ కట్టుబడి ఉండడమని నేను అనడం లేదు. 1967 నాటి 'స్టార్ ట్రెక్' ఎపిసోడ్ ఒకటి 1990లలో ఘోరయుద్ధాలు జరుగుతాయని చెప్పింది. ఆ దశాబ్దం వచ్చి వెళ్ళింది, యుద్ధాలు రాలేదు. 2023లో కొత్త ధారావాహిక ఈ చిక్కును తప్పించుకోకుండా, కాలంలో వేలుపెట్టినవారి వల్ల ఆ ఘటనలు వెనక్కి జరిగాయని కథలోనే సమాధానం చెప్పింది. అంకె మారింది, సంఘటన నిలిచింది. పాత్రలకు ఏం జరిగింది, ఆ లోకపు నియమాలు ఏమిటి అన్నవి రెండూ నిలిస్తే చాలు. దుస్తులు, యంత్రాల ఆకారం, మాటతీరు ఎంతైనా మారవచ్చు.

నా వాదానికి ఎదురుగా నిలిచే బలమైన ఉదాహరణ అమెరికా అంతరిక్ష ధారావాహిక 'బ్యాటిల్‌స్టార్ గలాక్టికా'. 1978 నాటి ధారావాహికను 2003లో పూర్తిగా కొత్తగా చెప్పారు, అది మూలాన్ని మించిపోయింది. ఈ విజయాన్ని నేను తక్కువ చేయను. అయితే మూలం ఒక్క సీజన్‌తోనే ఆగినది. చెరిపివేయడానికి అక్కడ పోగుపడిన జ్ఞాపకం తక్కువ. 2014లో 'స్టార్ వార్స్' అంతరిక్ష చిత్రాల యాజమాన్యం దశాబ్దాలుగా వచ్చిన నవలలను, కామిక్స్‌ను అధికారిక కథ నుంచి తప్పించి 'లెజెండ్స్' అన్న పేరుతో పక్కన పెట్టినప్పుడు కలిగిన బాధ ఆ పాఠకులలో నేటికీ చల్లారలేదు. అయినా ఆ సంస్థ ఒక్క మంచి పని చేసింది: ఏది నిలుస్తుందో ఏది నిలవదో కొత్త చిత్రం రాకముందే బహిరంగంగా ప్రకటించింది.

నా విన్నపం సరిగ్గా ఆ ప్రకటన గురించే. కథ ఎలా రాయాలో ప్రభుత్వం చెప్పకూడదు; అటువంటి అధికారం ఏ శాఖకూ ఉండరాదని నేను గట్టిగా నమ్ముతాను. కానీ పెంచిన ధర వసూలు చేసుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ ధర చెల్లించేవాడి పక్షాన ఒక్క ప్రశ్న అడగవచ్చు. పాత పేరు చూసి, పాత కథ మీది ప్రేమతో, పిల్లలను వెంటబెట్టుకుని మొదటి వారంలోనే గాంధీనగర్ థియేటర్‌కు వచ్చే కుటుంబం ఆ పేరుకు విలువ కడుతోంది. కాబట్టి, పాత చిత్రం పేరుతో లేదా పాత్రలతో వచ్చే చిత్రానికి ప్రత్యేక ధర మంజూరు చేసే ఉత్తర్వులో, ఇది పూర్వకథకు కొనసాగింపా, వేరొక కాలరేఖా, పూర్తిగా కొత్త ఆరంభమా అన్నది పోస్టర్ మీదా, టికెట్ అమ్మే యాప్‌లోనూ తెలుగులో ఒక్క వాక్యంగా ప్రకటించాలన్న షరతు చేర్చవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

దీనికి తోడుగా మరొకటి. మూలాన్ని నిలపమని కోరాలంటే మూలం చూడడానికి దొరకాలి. బీబీసీ 1960లు, 70లలో టేపులను చెరిపి తిరిగి వాడుకోవడం వల్ల 'డాక్టర్ హూ' తొలినాటి ఎపిసోడ్లు అనేకం నేటికీ దొరకడం లేదు. మన చిత్రాల నెగెటివ్‌లకు, స్క్రిప్టులకు ఆ గతి పట్టకుండా రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ విజయవాడలో ఒక భాండాగారం నెలకొల్పి, కొనసాగింపు రాబోయే ప్రతి పాత చిత్రాన్నీ తుమ్మలపల్లి కళాక్షేత్రం వంటి వేదికలో నామమాత్రపు రుసుముతో ముందుగా ప్రదర్శించే ఏర్పాటు చేస్తే, పదిహేనేళ్ళ పిల్లవాడు కూడా కొత్త చిత్రానికి సిద్ధపడి వెళ్తాడు.

ఈ రెండు అభ్యర్థనలలో మొదటిదానికి ఖర్చు లేదు. తదుపరి ధరల ఉత్తర్వు ముసాయిదా తమ సంతకానికి వచ్చేలోగా దీనిని పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
విజయవాడ ప్రేక్షకుడొకరు