తుప్పు నివారణ కోటింగ్‌పై ఫిర్యాదు: చదవకుండానే మూసేసిన నా టికెట్ల గురించి

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం. మా అంబాసిడర్‌కి మీ కంపెనీ వేసిన తుప్పు నివారణ కోటింగ్ గురించి ఈ లేఖ. కోటింగ్ పాడైనందుకు కాదు నా కోపం. పాడైందని ఎంత మొత్తుకున్నా మీ దగ్గర పట్టించుకునే నాథుడు లేనందుకు.

మాది విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ. సముద్రం పక్కనే. ఇక్కడ ఇనుప గేటుకి రంగు వేయడం కాస్త ఆలస్యమైనా పెచ్చులూడిపోతుంది. కారుకి షెడ్డు లేదు, కాంపౌండ్‌లో ఆరుబయటే ఉంటుంది. అందుకే నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకుంటున్నాను. మట్టిలో చెమ్మ పైకి ఎగదన్నకుండా కింద గచ్చు చేయించాను. గాలాడని ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల తేమ నిలిచి బాడీ ఇంకా త్వరగా పోతుందని గుడ్డ కవరే వాడతాను, వాన వెలవగానే తీసి ఆరబెడతాను. ఉప్పుగాలి తగిలే అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగిస్తాను. ఇవన్నీ చేసినా అడుగుకీ డోర్ల లోపలికీ రక్షణ కావాలనే మీ దగ్గరికి వచ్చాను. నాన్నగారి రోజుల నుంచి మీ పాలిష్‌లే వాడుతున్నాం, ఆ నమ్మకంతో వేరే చోట అడగనైనా లేదు.

వానలు మొదలయ్యాక ముందు డోరు తీస్తే లోపల నీళ్లు కదిలిన చప్పుడు. మా మెకానిక్ డోరు కింది అంచుని వేలితో తడిమి, స్క్రూడ్రైవర్‌తో నల్లటి ముద్దొకటి గీకి తీశాడు. ఎర్రటి నీళ్లు సన్నగా ధార కట్టాయి, వాటితో పాటే తుప్పు పొరలు. గ్లాసు పక్క నుంచి దిగిన వాన నీరు బయటికి పోవడానికి ఉన్న రంధ్రం అది. మీవాళ్లు దాని మీదుగానే కోటింగ్ కొట్టేశారు.

“నీళ్లు పోయే రంధ్రాలు మూసేశారు.” ఈ ఒక్క ముక్క మీ కంపెనీలో ఎవరిచేతా రాయించలేకపోయాను.

ఫోన్ చేస్తే తెలుగు కోసం రెండు నొక్కమంటారు. నొక్కితే హిందీలో మాట్లాడతారు. వచ్చీరాని హిందీలో అంతా చెబితే, మీ సమస్య అర్థమైంది సార్ అని, ఆ వెంటనే కారు స్టార్ట్ అవుతోందా అని అడిగారు! ఫొటోలు పంపమన్నారు, పంపాను. అవే ఫొటోలు మరొకరు అడిగారు, మళ్లీ పంపాను. చివరికి “కస్టమర్ అందుబాటులో లేరు” అని రాసి టికెట్ మూసేశారు. ఆ పూటంతా ఫోన్ నా చేతిలోనే ఉంది, ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. డీలర్ దగ్గరికి వెళ్తే వారంటీ సంగతి హెడ్డాఫీసు చూస్తుందన్నాడు. హెడ్డాఫీసుకి చేస్తే డీలర్ రిపోర్టు పంపాలన్నారు. రిపోర్టు అడిగితే హెడ్డాఫీసు నుంచి మెయిల్ రావాలట. ఇంకో అమ్మాయి అంబాసిడర్ మా మోడళ్ల లిస్టులో లేదు, వారంటీ వర్తించదు అంది. డబ్బు కట్టించుకున్న రోజున లిస్టు ఎవరూ చూడలేదే? బిల్లు మీద మీ ముద్ర కింద అంబాసిడర్ అనే రాసి ఉంది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. మీ సూపర్‌వైజర్ మాట మాత్రం ఓర్చుకోలేను. “పాత బండి కదా సార్, స్క్రాప్‌కి ఇచ్చేయండి, ఎందుకంత టెన్షన్?” అన్నాడాయన. మా చెల్లిని అత్తారింటికి దిగబెట్టిన కారు అది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి చెట్టు కొమ్మలు మీద పడితే టింకరింగ్ చేయించి నిలబెట్టుకున్నాం. అదే ఏడాది అంబాసిడర్ల తయారీ కూడా ఆగిపోయింది, పోతే ఇంకోటి రాదు. ఆర్సీ రెన్యువల్ చేయించి, ఇన్సూరెన్స్ కట్టి నడుపుకుంటున్న బండిని తుక్కుకి వేయమనడానికి మీరెవరు?

డబ్బు వాపసిస్తారా, పని మళ్లీ చేస్తారా అన్నది తర్వాత మాట్లాడదాం. ముందు పని తెలిసిన మనిషిని మా ఇంటికి పంపండి. డోర్ల కింద, ఫుట్‌బోర్డుల కింద రంధ్రాలన్నీ తెరవాలి. లోపల పూర్తిగా ఆరాక తుప్పు గీకి ప్రైమర్ వేయాలి, ఆ తర్వాతే కోటింగ్. తడి మీదా తుప్పు మీదా కోటింగ్ వేస్తే పైకి నల్లగా నిగనిగలాడుతుంది, అడుగున రేకుని తుప్పు తినేస్తూనే ఉంటుంది. ఇది రోడ్డు పక్కన టింకరింగ్ చేసే కుర్రాడికి కూడా తెలుసు.

బిల్లు, వారంటీ కార్డు, ఫొటోలు, మీ మెసేజ్‌లు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈ ఉత్తరానికీ జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెబుతాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. పాత కార్లున్న ప్రతి ఒక్కరికీ మీ పేరు చెప్పి మరీ వద్దంటాను. ఈసారి ఫోన్ చేసేవారు నా ఫిర్యాదు చదివి చేయాలి. మళ్లీ కారు స్టార్ట్ అవుతోందా అని అడిగితే అక్కడే పెట్టేస్తాను, ఆ తర్వాత మాట్లాడేది కమిషన్‌లోనే.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం