గోల్ కొట్టినవాడి వెనక నిలబడినవాడు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత నెల క్రీడోత్సవం ముగిశాక మీలో చాలామంది పిల్లలను అడిగిన మొదటి ప్రశ్న "నువ్వెన్ని గోల్స్ కొట్టావు?" అన్నదే. ఆటంతా వెనక నిలబడి బంతిని ఆపిన పిల్లలు ఆ ప్రశ్నకు తల దించుకోవడం నేను చూశాను. అందుకే ఈ నెల లేఖను, గోల్ కీపర్ ముందు నిలబడి గోల్స్ పడకుండా ఆపడమే తన పనిగా పెట్టుకున్న స్వీడన్ ఐస్ హాకీ (మంచు మీద ఆడే హాకీ) ఆటగాడు బోర్యె సాల్మింగ్‌కు కేటాయిస్తున్నాను.

ఆయన 1951 ఏప్రిల్ 17న స్వీడన్ ఉత్తర కొసన, శీతకాలంలో కొన్ని వారాలపాటు సూర్యుడే ఉదయించని కిరుణా ప్రాంతంలో పుట్టారు. తండ్రి వైపు వారు ఆ మంచుసీమ మూలవాసులైన సామీ జాతివారు. ఇనుప గనిలో పనిచేసే తండ్రి అక్కడే ప్రమాదంలో చనిపోయేనాటికి సాల్మింగ్‌కు ఐదేళ్లు. అన్న స్టిగ్ వెంట హాకీ నేర్చుకుని, యెవ్లె పట్టణంలోని బ్రూనెస్ జట్టులో చేరి, 1971, 1972లలో స్వీడన్ విజేతగా నిలిచారు. గోల్ కీపర్‌ను చూసి వెళ్లడానికి కెనడా నుంచి వచ్చిన ఒక ప్రతినిధి కంట ఆయన పడడంతో, 1973లో టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టులో అడుగుపెట్టారు.

ఉత్తర అమెరికా లీగ్‌లో అప్పటికి యూరప్ ఆటగాళ్లు దాదాపు లేరు. స్వీడన్ వాళ్లు పిరికివాళ్లని ఎదుటి జట్లు వెక్కిరించేవి, కర్రలతో కొట్టేవి. ఆయన రెండో ఆటే, మొరటుతనానికి పేరుపడ్డ ఫిలడెల్ఫియా జట్టుతో పడింది. మాటకు మాట అనడం కంటే పక్‌కు అడ్డంగా మంచు మీద పడిపోవడమే ఆయన ఎక్కువగా ఇచ్చిన జవాబు. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ల; సుమారు 170 గ్రాముల బరువుండి, బలంగా కొడితే గంటకు 150 కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది. దానికి ఒళ్లు అడ్డం పెట్టడం ఎంత సాహసమో, కబడ్డీలో కూతకు వచ్చినవాడి కాలు ఒడిసి పట్టిన మన పిల్లలకు కొంత తెలుస్తుంది.

1976లో దేశాల జట్ల మధ్య జరిగిన కెనడా కప్ పోటీకి ఆయన స్వీడన్ చొక్కా వేసుకుని టొరంటో మైదానంలోకే ప్రత్యర్థిగా వచ్చారు. పేరు పిలవగానే ఆ ఊరి ప్రేక్షకులంతా లేచి నిలబడి, ఎంతకీ ఆపకుండా చప్పట్లు కొట్టారు. మూడేళ్ల కిందట పరాయివాడిగా వచ్చిన మనిషికి, అదీ తమ దేశంతో తలపడుతున్న రోజున దక్కిన ఆ గౌరవం కన్నా పెద్ద పతకం నాకు తోచదు.

ఆయన లీగ్‌లో 17 సీజన్లు ఆడారు. వాటిలో 16 టొరంటోకే. మొత్తం 1,148 ఆటలలో 150 గోల్స్ కొట్టగా, 637 గోల్స్‌కు పక్ అందించి అసిస్ట్‌లు పొందారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూడమని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ మాత్రం ఆయనకు ఎన్నడూ దక్కలేదు. 1986లో, కొన్నేళ్ల కిందట కొకైన్ వాడానని ఒప్పుకున్నందుకు లీగ్ ఆయనను నిషేధించింది. తరువాత ఆ శిక్ష ఎనిమిది ఆటలకు తగ్గింది. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ సంగతి దాచవలసిన పనిలేదు. అదే ఏడాది నవంబరులో ఒక ఆటగాడి స్కేటు అంచు ముఖాన్ని చీల్చగా 200కు పైగా కుట్లు పడ్డాయి. ఆయన మళ్లీ వచ్చి ఆడారు. 1996లో, ఆటలోని మేటివారిని గౌరవించే హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి స్వీడన్ ఆటగాడయ్యారు.

2022 వేసవిలో ఆయనకు ఏఎల్‌ఎస్ అనే వ్యాధి ఉన్నట్టు తేలింది. కండరాలను కదిలించే నరాలను అది వేగంగా తినేసింది, మాట పోయింది. ఆ నవంబరులో టొరంటో ఆయనను పిలిపించి సత్కరించింది. పక్కన నిలబడినవారిలో పాత సహచరుడు డారిల్ సిట్లర్ ఉన్నారు. 1976లో ఒకే ఆటలో ఆరు గోల్స్, నాలుగు అసిస్ట్‌లతో 10 పాయింట్లు సాధించి, నేటికీ చెరగని రికార్డు నెలకొల్పినవాడు ఆయనే. ప్రేక్షకులకు చేయి ఊపడానికి సాల్మింగ్‌కు శక్తి చాలకపోతే, సిట్లర్ కన్నీళ్లతో ఆ చేతిని పట్టుకుని పైకెత్తారు. కొద్ది రోజులకే, నవంబరు 24న, 71వ ఏట సాల్మింగ్ కన్నుమూశారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు